చెన్నై నుంచి శ్రీలంకకు: మీ చేతనైన అలను ఎంచుకోవడం ఎలా?

చెన్నై పక్కనున్న కోవళం బీచ్‌లో నాలుగైదు ఆదివారాలు సర్ఫింగ్ బోర్డు మీద నిలబడ్డామో లేదో, బ్యాచ్‌లో ఎవరో ఒకరు "శ్రీలంక వెళ్దామా?" అంటారు. అడగడంలో తప్పేమీ లేదు. చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నరలోపే కొలంబో. నెల్లూరుకు రైల్లో వెళ్లాలన్నా అంతకంటే ఎక్కువే పడుతుంది. నీళ్లు ఏడాది పొడవునా గోరువెచ్చగానే ఉంటాయి. తీరం వెంట పది కిలోమీటర్లు పోతే చాలు, ఐదారు రకాల అలలు కనిపిస్తాయి.

చిక్కంతా ఆ ఐదారు రకాల్లోనే ఉంది. టికెట్ తీసేటప్పుడు హోటల్ చూస్తాం, ఫోటోలు చూస్తాం. ఆ అల ఎవరికి పనికొస్తుందో మాత్రం చూడం. చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం చేస్తూ కోవళంలో నేర్చుకున్నదాన్ని. శ్రీలంకకు నాలుగుసార్లు వెళ్లొచ్చాను. మన తెలుగువాళ్లు ఎవరు అడిగినా ముందు చెప్పేది ఒకటే: అల అందం సంగతి తర్వాత, మీరు పడినప్పుడు కింద ఏముంటుందో ముందు చూడండి. సర్ఫింగ్‌లో నిలబడే సమయం కంటే పడే సమయమే ఎక్కువ కదా.

ముందు మీ లెక్క తేల్చుకోండి

"నాకు సర్ఫింగ్ వచ్చు" అనుకుంటే సరిపోదు. మూడు ప్రశ్నలకు మీకు మీరే నిజం చెప్పుకోండి.

ఇంకా నురగగా విరగని అలను మీరే పాడిల్ చేసి, అంటే బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ పోయి, పట్టుకోగలరా, లేక కోచ్ వెనక నుంచి బోర్డు తోస్తేనే లేస్తారా? మనలో చాలామందికి ఈ తేడా తెలియదు. కోచ్ సరైన అలను ఎంచి, సరైన క్షణంలో తోసి, "అప్! అప్!" అని అరిస్తే లేచి నిలబడతాం, ఫోటోలో గొప్పగా ఉంటుంది. కానీ ఆ అలను ఎంచింది ఆయన, పట్టుకున్నదీ ఆయనే. అలాంటప్పుడు మీరింకా మొదటి మెట్టు మీదే ఉన్నారు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

రెండోది, అల పట్టుకున్నాక దాని వెంట ఎడమకో కుడికో పోగలరా, లేక తిన్నగా ఒడ్డుకు వచ్చేస్తారా? పక్కకు పోగలిగితే రెండో మెట్టు. పోతూ పోతూ వేగం పెంచడం, తగ్గించడం, మలుపు తిప్పడం మీ చేతిలో ఉంటే మూడో మెట్టు.

మూడో ప్రశ్న ఈత. కాలికి కట్టిన తాడు, అదే లీష్, తెగిపోయి బోర్డు కొట్టుకుపోతే, అలల మధ్య రెండు వందల మీటర్లు ఈది ఒడ్డుకు చేరగలరా? లేదంటే మిగతా రెండు జవాబులు ఏవైనా సరే, మీరు నడుము లోతు దాటి పోవద్దు. ముందు చెన్నైలోనే ఏదైనా స్విమ్మింగ్ పూల్‌లో రెండు నెలలు చేరండి. మెరీనాలో పోలీసులు నీళ్లలోకి ఎందుకు దిగనివ్వరో ఈ ఊళ్లో ఉన్న మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

నెల చూసి తీరం ఎంచుకోండి

శ్రీలంక చిన్న దీవే కానీ సర్ఫింగ్‌కు రెండు సీజన్లున్నాయి. కారణం తెలిస్తే మళ్లీ మర్చిపోరు. సర్ఫింగ్‌కు పనికొచ్చే పెద్ద అలలు అక్కడ పుట్టినవి కావు. అంటార్కిటికా చుట్టుపక్కల సముద్రంలో తుఫాన్లు లేపిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి దీవికి దక్షిణం నుంచి వచ్చి తగులుతాయి. ఇవి దాదాపు ఏడాదంతా వస్తూనే ఉంటాయి. వాటిని బాగుచేసేదీ పాడుచేసేదీ స్థానికంగా వీచే గాలి. నేల మీద నుంచి సముద్రం వైపు వీచే గాలి అలను కాసేపు నిలబెట్టి, ముఖాన్ని నున్నగా ఉంచుతుంది. సముద్రం నుంచి ఒడ్డుకు వీచే గాలి అదే అలను ముక్కలు ముక్కలు చేస్తుంది.

మన ఋతుపవనాలే అక్కడా. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి వీస్తుంది. నైరుతి వైపున్న హిక్కడువ, వెలిగమ తీరాలకు అది ఎదురుగాలి, కాబట్టి అక్కడ సముద్రం కల్లోలంగా ఉంటుంది. అదే గాలి దీవిని దాటి తూర్పు తీరానికి వచ్చేసరికి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది, కాబట్టి అరుగమ్ బే బాగుంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా లెక్క తిరగబడుతుంది.

మన సెలవుల్లో చెప్పాలంటే, సంక్రాంతికి వెళ్తే దక్షిణ తీరం. పిల్లల వేసవి సెలవుల్లో మే నెలలో వెళ్తే తూర్పు. అప్పటికి అక్కడ అలలు పూర్తిగా పుంజుకోవు కనుక కొత్తవాళ్లకు ఇంకా మంచిది. దసరాకు వెళ్తే తూర్పులో సీజన్ చివర దొరుకుతుంది. నవంబరు, డిసెంబరుల్లో వెళ్లేవాళ్లు తుఫాను హెచ్చరికలు చూడకుండా బయల్దేరొద్దు. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను ఆ దీవిని ఎంత కష్టపెట్టిందో చూశాం. డబ్బు వాపసు వచ్చే టికెట్ కొంచెం ఖరీదైనా ఆ రెండు నెలలకు అదే తీసుకోండి.

అల కింద ఏముంది?

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

అడుగున ఇసుక ఉంటే బీచ్ బ్రేక్ అంటారు. ఇసుక కదులుతుంటుంది కాబట్టి అల ఎక్కడ విరుగుతుందో రోజుకో రకంగా ఉంటుంది. పడితే ఇసుక మీద పడతాం, అంతే. అడుగున పగడపు దిబ్బ లేదా రాతి పలక ఉంటే రీఫ్ బ్రేక్. అడుగు కదలదు కనుక అల రోజూ ఒకే చోట, ఒకే తీరున విరుగుతుంది. నేర్పు ఉన్నవాళ్లకు అదే వరం. పడినవాళ్లకు మాత్రం కింద గరుకు పగడం, దాని సందుల్లో ఉర్చిన్లు అనే ఒళ్లంతా ముళ్లుండే సముద్రపు జీవులు. మూడోది పాయింట్ బ్రేక్. సముద్రంలోకి పొడుచుకు వచ్చిన నేల కొస నుంచి అల మొదలై, దాని వెంట ఒక పక్కకు విరుగుతూ చాలా దూరం పోతుంది. దాని అడుగున రాయైనా ఉండొచ్చు, ఇసుకైనా ఉండొచ్చు.

నా మూడో ట్రిప్పులో దక్షిణ తీరాన మిడిగమ దగ్గర ఒక అద్దె బోర్డుల దుకాణంలో అడిగాను, "ఈ అల నాకు సరిపోతుందా?" అని. "నో ప్రాబ్లమ్, ఈజీ వేవ్" అన్నారు. అల నిజంగానే నెమ్మదైనదే. కానీ అది సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ అని వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండో అలకే బోర్డు ముక్కు మునిగి పడ్డాను. అలవాటు కొద్దీ కోవళంలో లాగే కాళ్లు కింద పెట్టాను. మోకాలి లోతు కూడా లేదు. పగిలిన సీసా పెంకుల మీద నిలబడ్డట్టు అనిపించింది. ఒడ్డుకొచ్చి చూసుకుంటే ఎడమ అరికాలిలో మూడు గీతలు. బ్లేడుతో గీసినంత సన్నగా ఉన్నాయి, రక్తం కూడా పెద్దగా లేదు. కానీ గీత విప్పి చూస్తే లోపల తెల్లటి పొడి. క్లినిక్‌లో డాక్టరమ్మ మంచినీళ్లు ధారగా పోస్తూ మెత్తటి బ్రష్‌తో ఆ పొడి అంతా పోయేదాకా కడిగారు. ప్రాణం పోయినంత పనైంది. ఆ పొడి లోపలే ఉండిపోతే చీము పడుతుందని, అందుకే పైపైన మందు రాసి వదిలేయకూడదని ఆమె చెప్పారు. పన్నెండు రోజులు ఆ కాలికి చెప్పు వేయలేకపోయాను.

కాబట్టి రీఫ్ మీద దిగేముందు ఈ నాలుగు విషయాలు తెలుసుకోండి. పోటు ఎన్నింటికి, పాటు ఎన్నింటికి? శ్రీలంకలో పోటుకూ పాటుకూ తేడా మీటరు కంటే తక్కువే, కానీ రీఫ్ మీద రెండడుగుల నీళ్లు తగ్గినా అల స్వభావమే మారిపోతుంది. లోపలికి పోయే దారి ఎటు, బయటికి వచ్చే దారి ఎటు? రీఫ్‌ల మధ్య కాస్త లోతైన కాలువ ఉంటుంది, రాకపోకలన్నీ దాన్నుంచే. పడితే కాళ్లు కింద పెట్టొద్దు, తలకిందులుగా దూకొద్దు. చేతులతో తల కప్పుకుని, నీటి మీద చాపలా పరుచుకుపడండి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా బయల్దేరేముందు చూసుకోండి. ఉర్చిన్ ముల్లు దిగితే చర్మం కాలనంత వేడి నీళ్లలో కాలు పెడితే నొప్పి తగ్గుతుంది. తర్వాత డాక్టరుకు చూపించండి. సూదితో గుచ్చి తీయాలని చూస్తే ముల్లు లోపలే విరుగుతుంది.

దక్షిణ తీరం, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా

మొదటి మెట్టు మీదున్నవాళ్లు వెలిగమకు వెళ్లండి, ఇంకో ఆలోచన వద్దు. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి మాతర వెళ్లే రైలు తీరం వెంటే పోతుంది, వెలిగమలో దిగొచ్చు. అర్ధచంద్రాకారంలో పెద్ద అఖాతం, అడుగంతా ఇసుక. అలలు నెమ్మదిగా లేచి నెమ్మదిగా విరుగుతాయి. ఒడ్డున అద్దె బోర్డులు, కోచ్‌లు వరసగా ఉంటారు. ఇబ్బంది ఒక్కటే, రద్దీ. పది గంటలకల్లా నీళ్లలో మనుషుల కంటే బోర్డులే ఎక్కువ అనిపిస్తుంది. కొత్తవాళ్ల చేతిలోంచి జారిన బోర్డు ఇంకో కొత్తవాళ్ల మొహానికి తగలడమే అక్కడి అసలు ప్రమాదం. ఆరున్నరకల్లా నీళ్లలో ఉండండి. గుంపు నుంచి రెండు మూడు వందల మీటర్లు నడిచి పక్కకు వెళ్లండి. మీ బోర్డుకూ పక్కవాళ్లకూ మధ్య కనీసం రెండు బోర్డుల దూరం ఉంచండి.

హిక్కడువలో కూడా కొత్తవాళ్లకు చోటుంది. అసలు రీఫ్ అలలు ఉన్న చోటు వదిలి, దక్షిణంగా నారిగమ వైపు పోతే ఇసుక అడుగు దొరుకుతుంది. హిరికెటియ గురించి మాత్రం ఒక హెచ్చరిక. గుర్రపునాడా ఆకారంలో చిన్న ఒంపు, చుట్టూ కొబ్బరిచెట్లు, ఫోటోల్లో స్వర్గంలా ఉంటుంది. మధ్యలో, ఒడ్డుకు దగ్గర నేర్చుకోవచ్చు కూడా. కానీ అదే చిన్న ఒంపులో ఒక పక్క రీఫ్ మీద ఎడమ అల పట్టుకుని అనుభవం ఉన్నవాళ్లు వేగంగా వస్తుంటారు. అల పెద్దగా ఉన్న రోజున కొత్తవాళ్లు అక్కడ దిగకపోవడమే మంచిది.

రెండో మెట్టు వాళ్లకు మిడిగమ, అహంగమ చుట్టుపక్కల పండగే. వెలిగమ నుంచి ఆటోలో పోవచ్చు, అక్కడ టుక్‌టుక్ అంటారు. లేజీ లెఫ్ట్, లేజీ రైట్ అని రెండు రీఫ్ అలలు, పేర్లకు తగ్గట్టే నెమ్మది. ఎడమ, కుడి అనేది ఒడ్డు మీద నిలబడ్డవాళ్ల లెక్క కాదు, అల మీద ఉండి ఒడ్డు వైపు చూస్తున్నవాళ్ల లెక్క. ఎడమ కాలు ముందు పెట్టి నిలబడేవాళ్లకు కుడి అల సులువు, ఎందుకంటే అల ముఖం ఎదురుగా కనిపిస్తుంది. కుడి కాలు ముందు పెట్టేవాళ్లకు ఎడమ అల. రీఫ్ మీద మొదటిసారి దిగేటప్పుడు మీ కాలికి అనుకూలమైన వైపునే ఎంచుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. పోటు మీద, నడుము ఎత్తు అల ఉన్న రోజున, స్థానిక కోచ్‌ను వెంటబెట్టుకుని దిగండి.

అహంగమ దగ్గరున్న కబలనలో ఒకే చోట రెండు లోకాలు. ఒడ్డు దగ్గర ఇసుక మీద కొత్తవాళ్లు నేర్చుకుంటుంటారు. లోపల ది రాక్ అనే రీఫ్ మీద అల రెండు వైపులా విరుగుతుంది, పెద్దదైన రోజున బాగా అనుభవం ఉన్నవాళ్లకే. మిడిగమలో ర్యామ్స్ అనే అల ఇంకా కఠినం. నీళ్లు పల్చగా ఉంటాయి, అల గొట్టంలా చుట్టుకుని దబ్బున పడుతుంది. మూడో మెట్టు వాళ్లు కూడా మొదటి రోజు దాన్ని ఒడ్డు నుంచి చూడటమే మేలు. నేను ఇప్పటికీ దిగలేదు.

తూర్పు తీరం, మే నుంచి సెప్టెంబరు దాకా

అరుగమ్ బే కొలంబోకు మూడు వందల కిలోమీటర్లకు పైనే. రోడ్డు మీద ఏడెనిమిది గంటల ప్రయాణం, కాబట్టి వారం కంటే తక్కువ సెలవుంటే వద్దు. మనకు ఒక సుఖం ఏమిటంటే అరుగమ్ బే పక్కనున్న పొత్తువిల్ ఊరి చుట్టుపక్కల చాలామంది తమిళం మాట్లాడతారు. చెన్నైలో ఉండి మనం నేర్చుకున్న తమిళం అక్కడ భలే అక్కరకొస్తుంది. "అలై ఎప్పడి ఇరుక్కు?" (అల ఎలా ఉంది?) అని అడిగితే చాలు, కూర్చోబెట్టి ఏ పాయింట్‌లో ఏ రోజు ఎలా ఉందో చెబుతారు.

అక్కడ పేరున్న అల మెయిన్ పాయింట్. కుడి వైపు విరిగే పాయింట్ బ్రేక్, మంచి రోజున వందల మీటర్లు మోసుకుపోతుంది. 2019లో ప్రపంచ సర్ఫ్ లీగ్ పోటీ ఒకటి ఇక్కడే జరిగింది. అల మొదలయ్యే చోట అడుగున రీఫ్, నీళ్లలో గట్టి సర్ఫర్ల పోటీ. మొదటి రెండు మెట్ల వాళ్లకు అది చూడటానికే. కొత్తవాళ్లకు అదే అఖాతంలో లోపలి వైపు బేబీ పాయింట్ ఉంది. అల చిన్నది, కానీ మధ్య మధ్య రాళ్లుంటాయి కనుక రీఫ్ షూ వేసుకోండి. ఉత్తరాన ఉన్న విస్కీ పాయింట్, దక్షిణాన ఉన్న పీనట్ ఫార్మ్, ఎలిఫెంట్ రాక్ రెండో మెట్టు వాళ్లకు బాగుంటాయి. విస్కీ పాయింట్‌లో ఇసుక అడుగు ఎక్కువ కావడంతో నా ఓటు దానికే.

దక్షిణం వైపు పాయింట్లకు పోయే దారుల్లో తెల్లవారుజామున, సాయంత్రం ఏనుగులు తిరుగుతుంటాయి. తెలిసిన టుక్‌టుక్ డ్రైవరుతోనే వెళ్లండి. సర్ఫ్ అయ్యాక ఉప్పు కడుక్కుందామని పక్కనున్న మడుగుల్లోకి మాత్రం దిగొద్దు, వాటిలో మొసళ్లుంటాయి. 2017లో ఒక విదేశీ యాత్రికుడు అలాంటి మడుగు దగ్గరే మొసలి వాతపడి ప్రాణం పోగొట్టుకున్నాడు.

అంకెలు చూడటం

వెళ్లే ముందు వారం నుంచి అలల అంచనా చూడటం అలవాటు చేసుకోండి. హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ హిందూ మహాసముద్రం అలల మ్యాపులు రోజూ ఇస్తుంది. సర్ఫ్‌లైన్, విండీ లాంటి యాప్‌లు కూడా ఉన్నాయి. అందరూ అల ఎత్తు ఒక్కటే చూస్తారు. దాని పక్కనున్న పీరియడ్ అనే అంకె, అంటే ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య ఎన్ని సెకన్లు అన్నది, అంతకంటే ముఖ్యం. ఒక మీటరు ఎత్తు, ఆరు సెకన్లు అంటే దగ్గర్లో గాలి లేపిన బలహీనమైన అల. అదే ఒక మీటరు, పద్నాలుగు సెకన్లు అంటే ఎంతో దూరం నుంచి వచ్చిన బరువైన అల. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి అది ఇంకా ఎత్తుగా లేస్తుంది. కొత్తవాళ్లు "మీటరే కదా" అని దిగి భయపడిపోయేది ఈ రెండో రకం రోజునే. మొదటి మెట్టు వాళ్లు మీటరు లోపు, పది సెకన్ల లోపు ఉన్న రోజులు చూసుకోండి.

ఆ ఉదయం, ఒడ్డున పదిహేను నిమిషాలు

బోర్డు ఇసుకలో పెట్టి కూర్చోండి. అలలు గుంపులుగా వస్తాయి. పది నిమిషాలు చిన్నవి వచ్చి, ఉన్నట్టుండి నాలుగు పెద్దవి రావచ్చు. ఆ పెద్దవి చూశాకే దిగాలో వద్దో తేల్చుకోండి. అలలు విరగకుండా, నురగ, ఇసుక రంగు కలిసి లోపలికి పోతున్న పాయ కనిపిస్తే అది రిప్ కరెంట్. కొత్తవాళ్లకు అదే ప్రశాంతంగా కనిపిస్తుంది, అక్కడే దిగుతారు. పొరపాటున చిక్కుకుంటే బోర్డు వదలొద్దు, ఒడ్డుకు ఎదురీదొద్దు, తీరానికి సమాంతరంగా పక్కకు పాడిల్ చేయండి. ఇక నీళ్లలో ఉన్నవాళ్లను చూడండి. వాళ్లు ఎలా పడుతున్నారు, పడ్డాక ఎంత లోతులో లేస్తున్నారు? నడుము దాకా లేచి నిలబడుతుంటే ఇసుక. ఎవరూ నిలబడకుండా అందరూ బోర్డు మీదికే పాకుతుంటే కింద రీఫ్ ఉన్నట్టే.

అల విరగడం మొదలైన చోటికి ఎవరు దగ్గరుంటే అల వాళ్లది. వాళ్లు లేచాక వాళ్ల ముందుకు దూరకూడదు. ఎక్కడికి వెళ్లినా ఈ ఒక్క మర్యాద తప్పితే గొడవే.

బోర్డు విషయంలో పంతం వద్దు. మొదటి మెట్టుకు ఎనిమిది, తొమ్మిది అడుగుల స్పాంజి బోర్డు, రెండో మెట్టుకు ఏడడుగుల పైది. చిన్న బోర్డు మీద పడుతూ లేస్తూ వారం గడిపేకంటే పెద్ద బోర్డు మీద రోజుకు పది అలలు పట్టుకోవడం ఎంతో మేలు. ఫుల్ చేతుల రాష్ గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), ముఖానికి ఎండ తగలకుండా జింక్ క్రీమ్ తప్పనిసరి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో సర్ఫింగ్ ఉందో లేదో చదివి తీసుకోండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు ఐదు రోజులుంటే నేనిలా చెబుతాను. నాలుగు రోజులూ వెలిగమలోనే. మొదటి రెండు రోజులు కోచ్‌తో ఒడ్డు దగ్గర విరిగిన అలల నురగలో, మూడో రోజు కోచ్ తోయకుండా విరగని అల కోసం, నాలుగో రోజు ఒంటరిగా, కోచ్ ఒడ్డున చూస్తుండగా. ఒంగోలు నుంచి వచ్చిన మా స్నేహితురాలు మూడో రోజంతా ఒక్క అల కూడా పట్టుకోలేక ఏడ్చినంత పని చేసింది. నాలుగో రోజు ఉదయం ఏడుకు వరసగా రెండు పట్టింది. ఐదో రోజు మిడిగమకు వెళ్లి, పాటు వేళ లేజీ లెఫ్ట్ ఎదురుగా కూర్చుని టీ తాగుతూ, నీటి పైకి తేలిన రీఫ్‌ను కళ్లారా చూడండి. కొన్ని గంటలకు పోటు వచ్చాక అదే చోటును మళ్లీ చూడండి. ఆ రోజు బోర్డు మాత్రం గదిలోనే వదిలేసి వెళ్లండి, చేతిలో ఉంటే దిగాలనిపిస్తుంది.